గోడ పక్క కబుర్లు: పెరటికి ఏ కత్తి?

వదినగారూ, ఆ ఫోన్ ఒకసారి ఇటివ్వండి. గోడ మీదుగానే ఇవ్వండి, పట్టుకుంటాను. ఇదేనా మీ పెద్దాడు కొందామంటున్న కత్తి? నల్లటి రంగు, వీపున రంపప్పళ్ళు, మధ్యలో చిల్లులు, పిడి చివర మూత విప్పితే లోపల సూదీ దారం, అగ్గిపుల్లలు, మూత మీద దిక్సూచి! చూడ్డానికి బావుంది గానీ, ఇది వద్దండీ. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ముందు ఆ పొయ్యి మీద పాలు దించేసి రండి.

వచ్చారా. ఈ రకం కత్తుల మీద మోజు పుట్టించింది 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ అనే హాలీవుడ్ సినిమా. అందులో స్టాలోన్ చేతిలో ఉన్న కత్తిని జిమ్మీ లైల్ అనే అమెరికా పనివాడు నిజంగానే గట్టిగా చేసి ఇచ్చాడు. చిక్కంతా దాన్ని చూసి తయారైన చవక నకళ్ళతో వచ్చింది. పిడి గొట్టంలా బోలుగా ఉంటే కత్తి ఇనుము దాని లోపలికంటా దిగదు. మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడ ఒక మరో, అతుకో ఉంటుంది. కొమ్మ మీద బలంగా వేటు వేస్తే దెబ్బంతా వచ్చి పడేది సరిగ్గా ఆ అతుకు మీదే. అది ఊడిందంటే రేకు ఎటు ఎగురుతుందో ఎవరం చెప్పలేం. పక్కన చిన్నపిల్లలు తిరిగే పెరడు మీది.

ఆ రంపప్పళ్ళు కూడా పనికొచ్చేవి కావు. నిజం రంపానికి పళ్ళు ఒకటి అటూ ఒకటి ఇటూ వంచి ఉంటాయి. అందుకే కోత కాస్త వెడల్పుగా పడి, పొట్టు బయటికొచ్చి, రంపం ఇరుక్కోకుండా నడుస్తుంది. ఈ కత్తి పళ్ళకి ఆ వంపు లేదు, అరంగుళం దిగేసరికి పట్టేస్తాయి. పైగా వెదురు చీల్చేటప్పుడు కత్తిని బొంగు మీద ఆనించి, వీపు మీద కర్రతో కొడతాం కదా. వీపు నున్నగా లేకపోతే ఆ కర్ర నాలుగు దెబ్బలకే నుజ్జవుతుంది.

“పదునుంటే చాలదా, నరకడానికి ఏ కత్తయితేనేం” అంటున్నారు. చాలదండీ. ముందు ఏం నరకాలో తేల్చుకోవాలి, కత్తి సంగతి ఆ తర్వాతే. మీ పెరడు నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. గెల కోసేసిన అరటిచెట్లు, అడ్డదిడ్డంగా పెరిగిన మునగ, గోడవార గోరింట కంచె, రెండు కొబ్బరిచెట్లు, మూల వెదురు పొద, పాక విప్పినప్పుడు పడేసిన ఎండు సరుగుడు కర్రలు. ఇవన్నీ ఒకే కత్తికి ఒకేలా లొంగవు.

అరటి బోదె సంగతి చూడండి. అంతా పొరలూ నీరూ. దానికి బరువు అక్కర్లేదు, పల్చగా పొడుగ్గా ఉండి వేగంగా తిరిగే రేకు కావాలి. బ్రెజిల్లో, మధ్య అమెరికా దేశాల్లో చెరకు తోటలకి వాడే మచేటీ ఆ రకమే. బారు 18 అంగుళాలు, మందం 2 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. బ్రెజిల్లో 1911లో మొదలైన ట్రామొంటీనా కంపెనీ మచేటీలు ప్రపంచమంతా అమ్ముడుపోతాయి. పూటంతా విసిరినా భుజం లాగదు. గోరింటకీ, పొదలకీ, అరటికీ దాన్ని మించింది లేదు. అదే కత్తి తీసుకెళ్ళి ఆ ఎండు సరుగుడు మీద వేయండి. రేకు ఒణికి చెయ్యి జిల్లుమంటుంది, వేటు దిగకుండా గెంతుతుంది.

రెండో కొసన ఉన్నవి ఏడెనిమిది మిల్లీమీటర్ల మందంతో గునపంలా బరువుండే కత్తులు. చేతిలోకి తీసుకోగానే ధీమాగా అనిపిస్తాయి. షాపులో కొనేవాళ్ళంతా ఆ ధీమాకే కొనేస్తారు. వాటితో గోరింట కొట్టబోతే రెమ్మ తెగకుండా పక్కకి వంగిపోతుంది, ఎందుకంటే మన చెయ్యి అంత బరువుని వేగంగా తిప్పలేదు. హైస్కూల్లో చదువుకున్నదే కదా, బరువు రెట్టింపైతే దెబ్బ రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. నిలవడానికి ఆధారం లేని పచ్చి రెమ్మల మీద గెలిచేది వేగమే. గట్టి కలప దగ్గరికొచ్చేసరికి బరువుకి పని పడుతుంది. బరువు కత్తితో ఇంకో ఇబ్బంది, మణికట్టు తొందరగా అలిసిపోతుంది. అలిసిన చేతిలోంచే కత్తి జారేది.

ఈ రెండింటికీ మధ్యలో ఉండే కత్తి కావాలి మీకు. అది మన దగ్గరే ఉంది, అక్కడికే వస్తున్నాను.

మీ ముందుగదిలో తగిలించిన ఖుక్రీ గురించి కూడా అడిగారు కదా, మీ తమ్ముడుగారు మిలటరీలో ఉన్నప్పుడు తెచ్చింది. అది అందం కోసం చేసింది వదినగారూ, పిడి మీద ఇత్తడి సింహం తల చూస్తేనే తెలుస్తుంది. దాంతో కొమ్మలు కొట్టకండి. అసలు ఖుక్రీ మాత్రం గొప్ప పనిముట్టు. నేపాల్ కొండల్లో వంటింటి నుంచి కట్టెల దాకా అన్నీ దాంతోనే. ముందుకి వంగి ఉండడంతో బరువంతా ముక్కు వైపుకి చేరుతుంది. పది పదకొండు అంగుళాల రేకే అయినా అంతకంటే పెద్ద కత్తిలా దిగుతుంది. అందులోనూ రకాలున్నాయి. సిరుపాతే అనేది సన్నగా తేలిగ్గా ఉంటుంది, పచ్చి కొమ్మలకి హాయి. ఆంగ్ ఖోలా అనేది బరువైంది, గట్టి కలపకి. దాని వీపు దగ్గర ఇరువైపులా లోతుగా గాడి తీసి ఉంటుంది, బలం తగ్గకుండా బరువు కాస్త తగ్గడానికి. నాకు బాగా నచ్చింది వాళ్ళు నీరు పట్టే పద్ధతి. ఎర్రగా కాలిన కత్తిని తొట్లో ముంచరు. కెటిల్‌తో సన్నటి ధారగా వాదర మీద మాత్రమే పోస్తారు. వాదర గట్టిపడుతుంది, వీపు మెత్తగానే ఉండిపోతుంది. దెబ్బని వీపు ఓర్చుకుంటుంది, కోత వాదర చూసుకుంటుంది. ఆ ఖుక్రీలకి వాళ్ళు వాడే ఇనుము ఏమిటనుకున్నారు? చాలావరకు పాత లారీల కమాన్ పట్టీలే.

మన కమ్మరి వాడేదీ అదే. లారీ చక్రాల పైన పొరలు పొరలుగా కట్టి ఉంటాయి చూశారా, ఆ పట్టీలు. వాటిలో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, సిలికానూ మాంగనీసూ కూడా కలుపుతారు. టన్నుల బరువు కింద వంగుతూ, మళ్ళీ లేస్తూ, విరగకుండా ఉండడానికే చేసిన ఉక్కు అది. నరికే కత్తికి కావలసిన గుణం కూడా అదే కదండీ.

“ఇంకా గట్టి ఉక్కయితే ఇంకా మంచిది కదా” అంటారేమో. అక్కడే చాలామంది పొరబడతారు. మన తెలుగు నేల మీద అంతకంటే గట్టి ఉక్కు తయారైంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు. ఆ పని చూసి వాయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ రకం మూస ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అది కత్తిసాము కత్తులకి పేరుబడ్డ సరుకు. కోనసముద్రం పేరు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అయినా సరే, సరుగుడు మొద్దు మీద కొట్టడానికి అంత కర్బనం పనికిరాదు. గట్టిదనం పెరిగినకొద్దీ పెళుసుదనం కూడా పెరుగుతుంది, వాదర పెచ్చులూడుతుంది. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో కొలుస్తారు. నరికే కత్తికి 54 నుంచి 58 చాలు. ఆన్‌లైన్లో 60, 62 అని గొప్పగా రాస్తారు, అవి కూరగాయల కత్తికి సరే. ఇక స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు, నిజమే. కానీ చవక స్టెయిన్‌లెస్ వాదర ఇట్టే మొద్దుబారుతుంది. బారు కత్తికి, పెరటి మోటు పనికి మామూలు ఉక్కే మేలు.

మీరు కొలిమి దగ్గర నించుని చూశారా ఎప్పుడైనా? ఈసారి చూడండి. కమ్మరి ముందు పట్టీని చిన్న సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమని మోగితే సరే, బొదబొదలాడితే లోపల పగులుందని పక్కన పడేస్తాడు. ఏళ్ళ తరబడి వంగి వంగి పట్టీలో కంటికి కనిపించని చీలికలు పడి ఉంటాయి కదా. తర్వాత కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగదీసి, ఆకారం తెచ్చి, మళ్ళీ ఎర్రగా కాలుస్తాడు. వాదర వైపు మాత్రం ముంచి తీస్తాడు. పూర్తిగా ముంచడు, వీపులో వేడి అలాగే ఉంటుంది. చప్పున వాదర పక్కని ఇసకరాయితో రుద్ది మెరుగు తెస్తాడు. అప్పుడు వంగి చూడండి. వీపులోని వేడి వాదరకేసి దిగుతూ ఉంటే తెల్లటి ఇనుము మీద రంగులు నడుచుకుంటూ వస్తాయి. ముందు లేత గడ్డిరంగు, దాని వెనకే గోధుమరంగు, ఆ వెనక వంకాయరంగు, చివర నీలం. గడ్డిరంగు దగ్గర ఆపితే వాదర మరీ పెళుసు. నీలం వాదర దాకా వచ్చేస్తే మరీ మెత్తన. గోధుమరంగు పోయి వంకాయరంగు వాదరని తాకబోతుండగా మొత్తం కత్తిని ముంచేస్తాడు. అంతా కలిపి కొన్ని లిప్తలు. ఏ మీటరూ లేదు, కన్నొక్కటే. ఆ కన్ను ఉన్న కమ్మర్లు ఊరికొకరైనా మిగలడం లేదని నా బాధ. మనం సంతలో మెత్తరేకు కత్తులు కొనుక్కుంటూ ఉంటే వాళ్ళ కొలిమి ఆరిపోదా మరి?

మెత్తరేకని ఎలా కనిపెట్టాలీ అంటే, చెబుతాను. ఆకురాయి ఒకటి దగ్గర పెట్టుకోండి. వాదర మీద మెల్లగా తోయండి. నీరు సరిగా పట్టిన ఉక్కయితే ఆకురాయి జారుతుంది, కాస్తే కరుస్తుంది. మెత్తని ఇనుమైతే మైనం మీద నడిచినట్టు దిగిపోతుంది. ఇంకో గుర్తుంది. సానరాయి మీద పట్టినప్పుడు నిప్పురవ్వలు చూడండి. మెత్తని ఇనుము రవ్వలు పొడుగాటి గీతల్లా పోతాయి. కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు చివర్న చీలి చిన్న చిన్న పువ్వుల్లా పగులుతాయి. రంగు వేసి, నికెల్ పూత పూసి అమ్మినా సానరాయి దగ్గర దాగదు.

బోండాలవాడి కత్తి కొంటే సరిపోదా అని మీవారు అన్నారట. పచ్చి బోండాం డొక్క మెత్తన. దానికి తగ్గట్టు ఆ కత్తి వాదర బాగా పల్చగా నూరి ఉంటుంది. ఎండు కర్ర మీద వేస్తే ఆ వాదర మడత పడుతుంది. మాంసం కొట్టే కత్తి ఎముకకి తప్ప దేనికీ కాదు. కల్లుగీత కత్తి సంగతి అసలు ఎత్తకండి, అది గెలని పొరలు పొరలుగా చెక్కడానికి మంగలి కత్తిలా నూరుకున్నది, దాన్ని గీత కార్మికులు ఇంకొకరి చేతికే ఇవ్వరు. మన పనికి వాదర రెండు వైపులా ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వాలుండాలి, కాస్త బొద్దుగా. అలా ఉంటే కర్రలోకి దిగాక ఇరుక్కోకుండా పెచ్చు విడదీసి బయటికొస్తుంది.

పిడి సంగతి వాదర కంటే ముఖ్యం అంటాను నేను. కత్తి ఇనుము పిడి లోపలికి బాగా దిగి ఉండాలి. రేకు దిగే చివర పొన్ను ఉండాలి, లేకపోతే కర్ర చీలుతుంది. తుమ్మ కర్ర మంచిది, బరువైనా చీలదు. చివర కాస్త లావుగా, కొంకిలా తిరిగి ఉంటే చెమట చేతిలోంచి జారదు. మెరుగుపెట్టి వార్నిష్ వేసిన పిడి మన మే నెలలో చేతిలో నిలవదు, గరుకు కాగితంతో ఆ వార్నిష్ తీసేయాలి. మీ పెద్దాడి చెయ్యి పెద్దది, మీ చెయ్యి చిన్నది. ఎవరు ఎక్కువ వాడతారో వాళ్ళ పిడికిలికే చేయించండి. పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలు అరచేతిని తాకీ తాకనట్టు ఉండాలి. కొనేముందు వీపు వెంబడి ఒక కన్ను మూసి చూడండి, పిడీ రేకూ ఒకే గీతలో ఉన్నాయా లేదా. వంకర ఉంటే ప్రతి వేటూ పక్కకి పోతుంది.

చేతికి వచ్చాక వాడే తీరు కూడా ఉంది. మునగ కర్ర బెండు, పైనుంచి ఒక్క దెబ్బ వేస్తే కొమ్మ తన బరువుకే విరిగి బెరడు కిందిదాకా ఊడివస్తుంది, అక్కణ్ణుంచి పురుగు పడుతుంది. ముందు కింది వైపు ఒక గాటు పెట్టి, తర్వాత పైనుంచి కొట్టండి. వెదురుకి కణుపుకి కాస్త పైన ఏటవాలుగా కొట్టండి, నీరు నిలవని చోట. వెదురు బెరడులో సిలికా ఉంటుంది, కత్తిని బాగా తింటుంది, అందుకే వెదురు కొట్టిన రోజున సాన తప్పదు. ఎండు సరుగుడుని నేల మీద పెట్టి కొట్టకండి, రాయి తగిలితే వాదర పోతుంది. మటన్ కొట్లో ఉండే చింత మొద్దు లాంటిది ఒకటి వేయించుకోండి. మణికట్టు కంటే లావు కర్రయితే కత్తి మానేసి రంపం పట్టుకోండి. గురి తప్పితే కత్తి ఎటు పోతుందో వేటు వెయ్యకముందే చూసుకోవాలి. అది నేలకి పోవాలి, మోకాలి చిప్పకి కాదు. పిల్లల్ని రెండు బారల దూరంలోకి కూడా రానివ్వకండి.

అరటి పాలు తగిలితే నల్లమచ్చ పడుతుంది, దాని వల్ల నష్టం లేదు. తడితో వదిలేస్తేనే నష్టం. తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె పలచగా రాసి గోడకి వేలాడదీయండి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి ఉంచితే ఆ తోలే తేమ పట్టి తుప్పు తెస్తుంది.

ఇక మీ పెద్దాడు ఈ కత్తి పట్టుకుని స్నేహితులతో మారేడుమిల్లి వెళ్తానంటున్నాడు చూడండి, అది మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. అక్కడ బొంగులో చికెన్‌కి బొంగులు అమ్మేవాళ్ళే తెచ్చుకుంటారు, వీళ్ళు కొట్టక్కర్లేదు. రిజర్వు అడవిలో చెట్టు మీద చెయ్యి వేస్తే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. కత్తికే ఇంకో నిబంధన ఉంది. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన పొడవు గానీ 2 అంగుళాలు దాటిన వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటికీ, వ్యవసాయానికీ చేసిన పనిముట్లకి మినహాయింపు ఉంది. పెరట్లో మీ కత్తి పనిముట్టు. అర్ధరాత్రి కారు సీటు కింద దొరికితే అది పనిముట్టే అని పోలీసులకి నచ్చజెప్పుకోవాల్సింది వాడే.

మొత్తానికి ఏది చేయించుకోవాలంటారా? కమాన్ పట్టీతో, పదకొండు పన్నెండు అంగుళాల రేకు, వీపు దగ్గర అయిదు మిల్లీమీటర్ల మందం, ముక్కు వైపు కాస్త వెడల్పూ బరువూ, తుమ్మ పిడి, పొన్ను. బరువు అరకిలోకి కాస్త అటూ ఇటూ. దానికి తోడు ఒక మడత రంపం కొనండి. మీ పెరటికి ఇంతకు మించి అక్కర్లేదు వదినగారూ.